వరుసలో చెప్పులు

బాన్సువాడ డిగ్రీ కాలేజీ ఆడపిల్లల హాస్టల్ గేటు దాటగానే లచ్చవ్వ గాభరాపడింది.

వరండా పొడవునా చెప్పులు బారులు తీరి ఉన్నాయి. యూరియా బస్తాల కోసం రైతులు తమకు బదులు గోదాం ముందు వరుసలో పెడతారే, అచ్చం అలాగే. పిల్లవైనా, వెంట వచ్చినవాళ్లవైనా, ఒక జత అంటే ఒక పిల్ల. చెప్పులు పెట్టినవాళ్లు వట్టి కాళ్లతో వేపచెట్టు నీడన కూర్చున్నారు.

"సూడు బిడ్డా, అందరు మనకంటె ముందే వచ్చిండ్రు" అంటూ కూతురు సహజ చెప్పులు విప్పించి వరుస చివర పెట్టింది.

జుక్కల్ నుంచి మొదటి బస్సుకే బయల్దేరారు. అంతకంటే ముందు రావాలంటే రెక్కలు కట్టుకోవాలి.

"ఫస్టియర్ పిల్లలకు పది సీట్లే ఉన్నయ్! ముందొచ్చినోళ్లకే!" వాచ్‌మన్ బుచ్చన్న కేకేశాడు.

లచ్చవ్వ చెప్పుల జతలు లెక్కపెట్టింది. సహజది పదిలోపు లేదు. నీరుగారిపోయి చెట్టు కింద కూలబడింది.

"ఏ ఊరమ్మా మీది?" పక్కనున్న పెద్దావిడ పలకరించింది. వెంట మనవరాలు ఉంది.

"జుక్కల్. సీటు రాకుంటే నా పిల్ల సదువు బందే. దినాం అంత దూరం ఎట్లొస్తది? ఇంట్ల కూసొని నా లెక్క బీడీలు చుట్టుడే. ఆ బీడీల చాట దాని ఒళ్లె పెట్టనని ఒట్టు పెట్టుకున్న. మీదేవూరు?"

"బీర్కూరమ్మా."

లచ్చవ్వకు ఒళ్లు మండింది. "బీర్కూరా! మీది దగ్గెరనే గద, బస్సెక్కితె అర్ధగంట! ఇంట్ల బువ్వ తిని రావచ్చు. మీకెందుకమ్మా హాస్టలు?"

"ఊకోవే అమ్మా!" సహజ చెయ్యి గిల్లింది.

పెద్దావిడ నొచ్చుకోలేదు. "నిజమేనమ్మా" అంది. మనవరాలితో ఏదో గుసగుసలాడింది. ఆ పిల్ల ముందు మూతి ముడుచుకుంది. కాసేపటికి తలూపింది.

లచ్చవ్వ బోరింగు దగ్గర నీళ్లు తాగి వచ్చేసరికి ఏముంది! ఆ పెద్దావిడే వరండాలో సహజ చెప్పులు చేత్తో పట్టుకుని పోతోంది.

"ఓ అమ్మా! నా బిడ్డ చెప్పులు ఏడికి పట్టుకపోతున్నవ్?"

"గట్టిగా అరవకమ్మా!" ఆవిడ కంగారుగా చెప్పులు అక్కడే వరుసలో పెట్టేసింది.

"అరుస్త! నాలుగూర్లకు ఇనవడేటట్టు అరుస్త! నీ అసొంటోళ్లను యూరియా లైన్లల్ల మస్తుమందిని సూసిన. మా జాగ తీసేద్దామనుకున్నవా? నడువ్ ఈడికెల్లి!"

జనం మూగారు. ఆవిడ మనవరాలి చెయ్యి పట్టుకుని గబగబా గేటు దాటి వెళ్లిపోయింది.

అప్పుడు చూసింది లచ్చవ్వ. సహజ చెప్పులు ఇప్పుడున్నది చివర కాదు, ముందు నుంచి మూడో చోట!

"దేవుడు కండ్లు తెరిసిండు బిడ్డా! సప్పుడు జెయ్యక నిలవడు" అంది కూతురి చెవిలో.

"గిది మన జాగ కాదు గదనే?"

"ఎవలన్న అడుగుతున్నరా?"

"లే."

"మరి!"

ఆఫీసు కిటికీ తెరుచుకుంది. సహజ వంతు వచ్చింది.

"ఏ గది కావాలమ్మా?" క్లర్కు రాజేశ్వర్ అడిగాడు.

సహజ నోరు తెరిచేలోపే లచ్చవ్వ అందుకుంది. "పై అంతస్తుల, కిటికి పక్క మంచం రాయి సారూ! వెలుతురు మంచిగుండాలె. నా బిడ్డ సదువుకుంటది!"

రాజేశ్వర్ నవ్వి అదే రాశాడు.

గెలిచింది లచ్చవ్వ! కూతురికి మెటికలు విరిచి దిష్టి తీసింది. ఏడ్చింది, నవ్వింది. ఎదురైన వాళ్లందరికీ చెప్పుకుంది.

"నేను గట్టిగ నిలవడ్డ గనక సరిపాయె. లేకుంటే గా ముసల్ది మా జాగ మింగేస్తుండె!"

వరండా ఖాళీ అయింది. సీటు వచ్చినవాళ్లూ రానివాళ్లూ చెప్పులు తొడుక్కుని వెళ్లిపోయారు. పొద్దున సహజ చెప్పులు పెట్టిన చోట మాత్రం ఒక జత మిగిలింది. మడమలు అరిగిన, పెద్దవాళ్ల చెప్పులు.

"ఎవలో మర్సిపోయిండ్రు, బుచ్చన్నా."

"మర్సిపోలేదక్కా. గా బీర్కూర్ అమ్మవి. నువ్వు తరిమితివి, తొడుక్కునేదెప్పుడు? గింత ఎండల ఉత్త కాళ్లతోటే బస్టాండుకు పాయె."

లచ్చవ్వ ఆ చెప్పులు చేతబట్టుకుని గేటు వైపు అడుగు వేసింది.

"బీర్కూర్ బస్సు ఎప్పుడో ఎల్లిపాయెనక్కా" అన్నాడు బుచ్చన్న.

లచ్చవ్వ ఆగిపోయింది. "ఆమె మాకంటె ముందే వచ్చె గద! ఆమె చెప్పులు గీ చివరకెట్ల వచ్చినయ్?"

"తెలిస్తే లొల్లయితదని ఎవలకు చెప్పొద్దన్నది గని, మా పిల్ల దినాం బస్సుల రావచ్చు, జుక్కల్ పిల్లకు దూరమని, గా మూడో జాగల ఉన్న తన చెప్పులు తనే తెచ్చి ఈడ పెట్టి, నీ బిడ్డయి తీస్కపోయిందక్కా."