ఇక్కడ ‘ఆయ్’ అనరాదు

“ఈ పనిలో టీచర్లు ఆర్నెల్లు కూడా నిలవట్లేదు. ఎందుకంటారు?” అడిగింది బేబి.

పాలకొల్లు బజారు వెనక ఉన్న ఆ ప్లేస్కూల్ మేడగదిలో ఫ్యాను గిరగిరా తిరుగుతున్నా దుర్గాశ్రీకి చెమటలు ఆగడం లేదు. గదిలో ఉన్న ఒక్క పెద్ద కుర్చీలో బేబి దర్జాగా కూర్చుంది. యాభై దాటిన మనిషి, పసిపిల్లల మధ్యే జుట్టు నెరిసింది. ఎదురుగా పిల్లల కుర్చీ అంచున ఒదిగి కూర్చుంది దుర్గాశ్రీ.

ఇంతకుముందు రెండు ఇంటర్వ్యూలు చెడిపోయాయి. “ఇదీ కుదరకపోతే ఆ పిచ్చి మానేసి ఇంటిపట్టున ఉండు” అని పొద్దున్నే తేల్చి చెప్పాడు మొగుడు శివరామకృష్ణ. ఆ మాటకు ఆమెకు ఒళ్ళు మండింది. ఇవాళ నెగ్గి తీరాలని పంతం పట్టి మరీ మెట్లెక్కింది.

“పెళ్ళిళ్ళయి వెళ్ళిపోతారండి…” అంది మెల్లగా.

“పైపై మాటలొద్దండి. నిజం చెప్పండి.”

దుర్గాశ్రీ తలెత్తింది. “చీమిడి ముక్కులు తుడిచే పనేగా అని అందరికీ చులకనండి. పొద్దస్తమానం నిలబడే ఉండాలి. ఒంట్లో బాగోక సెలవడిగితే మొహాలు మాడ్చుకుంటారు. ఎవరుంటారండి?”

“మరి సెలవులు ఇవ్వాలా, వద్దా?”

“ఇచ్చి తీరాలండి!”

“ఒకడు పక్కపిల్లని కొరికాడు. ఆ పిల్ల తల్లి వచ్చి టీచర్ మీద విరుచుకుపడింది. మీరు ఎవరి పక్కన నిలబడతారు?”

“టీచర్ పక్కనేనండి. ఫీజు కడుతున్నారని నోటికొచ్చినట్టు తిట్టనిస్తామా?”

“కింద గేటు దగ్గరున్న ఆవిడని ఏమని పిలుస్తారు?”

“ఆయా అంటామండి.”

“ఆవిడకి పేరు లేదా?”

“లోవలక్ష్మి…” అని నాలిక కరుచుకుని, “లోవలక్ష్మి గారండి” అంది.

బేబి ముఖం మాత్రం రవ్వంత కూడా కరగలేదు. ఈవిడని మెప్పించడం కంటే గోదారి ఈదడం తేలిక అనిపించింది దుర్గాశ్రీకి.

ఇంతలో కింద ఓ పసిపిల్ల ఏడుపు లంకించుకుంది. దుర్గాశ్రీ లేవబోయి ఆగింది.

“వెళ్ళండి, చూద్దాం” అంది బేబి.

దుర్గాశ్రీ ఒక్క పరుగున దిగి, పిల్లను చంకనేసుకుని వచ్చింది. ఇంటర్వ్యూ కోసం కట్టుకున్న కొత్త చీర కొంగుతోనే ముక్కు తుడిచింది. పిల్ల వెక్కిళ్ళు తగ్గాయి.

“బువ్వ తిన్నావా అమ్మా?” అడిగింది బేబి.

“ఆయ్” అంది పిల్ల, బుద్ధిగా తలూపుతూ.

బేబి చూపు గోడ మీది నల్లబోర్డు వైపు తిరిగింది. రంగు సుద్దతో స్కూలు నియమాలు రాసి ఉన్నాయి. మొదటిదే, ‘ఇక్కడ ఆయ్ అనరాదు, యెస్ మేడమ్ అనాలి.’

“ఆ మాట పిల్లల నోట వస్తే ఇక్కడ టీచర్లకి చీవాట్లు. పిల్లని దిద్దరా మరి?”

దిద్దితే ఒక తంటా, దిద్దకపోతే మరో తంటా. పిల్ల రెండు చేతులూ దుర్గాశ్రీ మెడ చుట్టూ వేసింది. దాంతో ఎక్కడలేని తెగువ వచ్చింది.

“దిద్దనండి! మా అమ్మ ఆయ్ అంటుంది, నేనూ అంటాను. గోదారి జిల్లాలో పుట్టిన పిల్ల మర్యాదగా ఔనంటే తప్పేంటండి? ఆ రూలు పెట్టినవాళ్ళకి బుర్ర లేదండి!”

గబగబా వెళ్ళి, అరచేత్తో ఆ వాక్యాన్ని తుడిచిపారేసింది.

“ఇప్పుడు చెప్పండి. నేను మీకు నచ్చానా, లేదా?” అంది రొప్పుతూ.

బేబి మొదటిసారి నవ్వింది. సంచి భుజాన వేసుకుని లేచి నిలబడింది.

“మీరు పెట్టిన రూలు మీరే తుడిచేశారు. రేపట్నుంచి మీ స్కూల్లో ఉద్యోగానికి వస్తానండి.”