కొత్త వాచీ

ఆ టవర్లో తలుపులు, పొయ్యిలు, కుళాయిలు అన్నీ ఒకే నెట్‌వర్క్ మీద నడుస్తాయి. దాన్ని అల్లడం, కాయడం నేర్చుకున్న వకుళకు ఇవాళ పై అంతస్తు కాపలా గదిలో గంటసేపు ఆఖరి పరీక్ష. ఆ గంటలో నమోదు కాని పరికరమేదైనా లోపలికొస్తే ఉద్యోగం రాదు.

"తలుపు తియ్యవే, తడిసిపోతున్నా!" కింద గుమ్మం దగ్గర నుంచి స్పీకర్లో భర్త ప్రభాకరం కేక. అతను పొద్దున్నే కొన్న వాచీని తలుపు గుర్తుపట్టడం లేదు.

"పక్క ఆఫీసులో నమోదు చేయించుకు రండి."

"మొగుణ్ణే నమ్మవా?"

ఇన్నేళ్లూ ఆ గొంతు వినగానే ఆమె చెయ్యి దానంతటదే లేచేది. ఇప్పుడూ తలుపు తీసే మీట దాకా వెళ్లింది. వకుళ దాన్ని ఎవరి చెయ్యో అన్నట్టు చూసి, వెనక్కి తీసుకుంది.

"మిమ్మల్ని నమ్ముతానండీ. మీ వాచీని నమ్మను."

అతను నమోదు చేయించుకుని పైకి వచ్చేసరికి పరీక్ష ముగిసింది.

"పాసయ్యావా?"

"ఇంతకాలానికి ఒక్కసారి కాదన్నాను, ఉద్యోగం ఇచ్చేశారు!" అంటూ వకుళ తువ్వాలు అందించింది.