తప్పు నాదే

“రాజమెవరు? జలపతి ఎవరు? గీ పేర్లన్ని ఎవలకియ్యనీకి రాసినవ్?”

దళనాయకుడు నోటుబుక్కు తిరగేస్తూ అడిగాడు. అంతవరకూ వెంకటేశం బీర్పూర్ శివారులో కల్వర్టు మీద కూర్చుని, జగిత్యాల బస్సు వచ్చేదాకా ఆ నోటుబుక్కు చదువుకుంటున్నాడు పాపం. ఊరికి కొత్త మనిషి, చేతిలో పేర్ల పుస్తకం. ఆ రోజుల్లో పోలీసు ఇన్ఫార్మర్ అనిపించుకోవడానికి అంతకన్నా ఏం కావాలి? నలుగురు తుపాకులతో వచ్చి మోదుగు చెట్ల వెనక్కి నడిపించుకుపోయారు.

“పత్తాలాటన్నా. ఆడిన ఆటలు రాసుకున్న,” అన్నాడు.

దళంలో ఒకాయన కిసుక్కున నవ్వాడు. నాయకుడు మాత్రం నవ్వలేదు. ప్రాణమ్మీదికొచ్చిందని వెంకటేశానికి అప్పుడు బాగా అర్థమైంది.

గుక్క తిప్పుకోకుండా చెప్పుకొచ్చాడు. తనది సిరిసిల్ల, సాంచెల మీద, అంటే మరమగ్గాల మీద బట్ట నేస్తాడు, ఈ ఊళ్లో అత్తగారింటికి వచ్చి తిరిగి పోతున్నాడు. కరెంటు పోయి సాంచెలు ఆగాయంటే నలుగురూ పత్తాలు, అదే పేకముక్కలు, పరుస్తారు. తనూ ఐలయ్య కాకా ఒక జట్టు, రాజం, జలపతి ఇంకో జట్టు. నాలుగు ముక్కలు పడితే ఒక పట్టు, ఎక్కువ పట్లు వచ్చినవాళ్లది గెలుపు. ఇస్పేటుదే పెత్తనం, ఇస్పేటు ఆసును మించింది లేదు. పదకొండు ఆటలు వరసగా ఓడిపోయాడు. మొదటి ఓటమికే తల కొట్టేసినట్టయి, ప్రతి ఆట అయిపోగానే ఎవరి చేతికి ఏ ముక్కలొచ్చాయో, ఎవరు ఎప్పుడు ఏది వేశారో అడిగి మరీ రాసుకోవడం మొదలుపెట్టాడు. తీరిక దొరికితే అది ముందేసుకుని ఎక్కడ దెబ్బతిన్నాడో వెతుక్కుంటాడు.

“అంటే, అయిపోయినదాని మీద సమీక్ష చేస్తున్నవ్,” అన్నాడు నాయకుడు కొంచెం మెత్తబడి. “మేం గూడ చేస్తం. ఎవల తప్పు వాళ్లు ఒప్పుకోవాలె.”

“నేను ఒప్పుకున్ననన్నా, సూడుండ్రి.”

నిజమే. ప్రతి పేజీ అడుగునా ఒకటే మాట ఉంది: తప్పు నాదే.

“పదకొండు సార్లు నీదేనా?”

“నాదే. ఐలయ్య కాక ముప్పై ఏండ్ల సంది ఆడుతుండు, ఆయన తప్పు చెయ్యడు. ఆట కాంగనే ఆయనే చెప్తడు, తప్పు నీదేరా అని.”

ఐలయ్య మీద వెంకటేశానికి అంత గురి. ఓడిపోయినా ఆయన మొహం మాడ్చుకోడు. గెలిచిన జలపతే పెద్దమనిషి కదా అని తీసుకుపోయి కల్లు పోయిస్తాడు, ఈయన హాయిగా తాగి వస్తాడు. ఆటంటే అలా ఉండాలనుకుంటాడు వెంకటేశం.

పందెమేమిటని నాయకుడు అడిగాడు. పైసలు పెట్టి ఆడేది లేదని వెంకటేశం ఒట్టేశాడు. వచ్చే ఐతారం ఆఖరి ఆట. ఓడిన జట్టు బజార్లో అందరి ముందూ మీసాలు తీయించుకోవాలి. ఆ మాట చెబుతుంటే వెంకటేశం చెయ్యి తనకు తెలియకుండానే మీసం మీదికి పోయింది. మొలిచినప్పటి నుంచి కత్తెర తప్ప కత్తి ఎరగని మీసం అది.

“మరి మీ కాకకు రంది లేదా?”

“ఆయనకు మీసమే లేదన్నా.”

ఈసారి దళమంతా నవ్వింది. అయినా మనిషెవరో తేల్చుకోవాలి కదా, ఊళ్లోంచి వెంకటేశం అత్త లసుమవ్వను పిలిపించారు. ఆమె వస్తూనే అల్లుడి చుట్టూ ఉన్న తుపాకులను చూడలేదు, నాయకుడి చేతిలో నోటుబుక్కును చూసి నెత్తి కొట్టుకుంది.

“గిది ఇన్ఫార్మర్ మొకమేనా కొడుకా? గా బుక్కు పట్టుకుంటే బువ్వ గూడ యాదికుండదు గీయనకు. బుక్కును మీరే తీస్కపోండ్రి, నా బిడ్డ శాంతకు పుణ్యముంటది.”

నాయకుడు ఆమె మాట తీసెయ్యలేదు. బతుకు పాడుచేసే పత్తాలు మానుకోమని వెంకటేశానికి నాలుగు ముక్కలు చెప్పి, మనిషిని వదిలేసి, నోటుబుక్కును సంచిలో వేసుకుపోయాడు.

ప్రాణం దక్కిందన్న సంబరం జగిత్యాల దాకా నిలిచింది. అక్కడ సిరిసిల్ల బస్సు ఎక్కి కూర్చున్నాక మీసం గుర్తొచ్చి ఏడుపొచ్చినంత పనైంది. పుస్తకం చదివినప్పుడే గెలవనివాడు, అది లేకుండా ఎట్లా గట్టెక్కుతాడు?

ఐతారం పొద్దున అద్దం ముందు నిలబడి మీసాన్ని ఆఖరిసారి దువ్వుకుంటుంటే లసుమవ్వ దిగింది. కూతురి కోసం తెచ్చిన చిక్కుడుకాయల సంచిలో చెయ్యి పెట్టి నోటుబుక్కు తీసింది.

“ఎవలో మా అరుగు మీద పెట్టిపోయిన్రు. నీ పీడ నీకే అచ్చింది,” అని అల్లుడి చేతిలో పెట్టింది.

వాకిట్లోంచి ఐలయ్య కేక వేశాడు, రాజం అప్పుడే కత్తి నూరుతున్నాడనీ, త్వరగా రమ్మనీ. ఆయన నున్నటి మూతి మీద నవ్వు మెరిసిపోతోంది.

వెంకటేశం గబగబా పేజీలు తిప్పాడు. పదకొండు పేజీల్లోనూ ‘తప్పు నాదే’ అన్న మాటను ఎర్ర సిరాతో కొట్టేసి ఉంది. ఆఖరి పేజీ అడుగున అదే సిరాతో గుండ్రటి అక్షరాలు.

“సమీక్ష పూర్తయింది. ఇస్పేటు ఆసు ఐదుసార్లు ఐలయ్య చేతికొచ్చింది. ఐదుసార్లూ దాన్ని నువ్వు అప్పటికే గెలిచిన పట్టు మీద వృథాగా పడేశాడు. మీసం పెంచేదాకా అతన్ని ఆటకు రానివ్వకు. ఇన్ఫార్మర్ అతనే.”