చెవిపూస మింగిన పిలుపు

ఆ కాలానికి చండీగఢ్‌లో అందరి చెవుల్లోనూ పూసలుండేవి. మనసు నొప్పించే మాట ఏదైనా చెవిన పడకముందే పూస దాన్ని మింగేసేది. విజయనగరం నుంచి నర్సుగా వచ్చిన మంగవేణికి ఆసుపత్రివాళ్లే ఒకటి ఇచ్చారు.

ఊరట మాత్రం కలగలేదు. లిఫ్టులో, కూరల బండి దగ్గర ఆమెను చూసి పెదవులు కదిలేవి. మాట వినబడేది కాదు, తర్వాతి నవ్వు వినబడేది. ఏమన్నారో ఊహించుకుంటూనే చిక్కిపోయింది.

ఒక ఆదివారం బస్సులో ఉండగా, తనను పెంచిన మేనత్త పైడమ్మ ఫోన్ చేసింది.

"తిన్నావేటే?"

"తిన్నాను. అత్తా, నన్ను ముద్దుపేరుతో పిలవడం మానేశావేం?"

"మానడమేటే? ఇప్పుడూ అలాగే పిలిచాను గదా."

మంగవేణికి అప్పుడు అర్థమైంది. నూనె రాసి జడ వేసేటప్పుడు, జ్వరమొస్తే ఒళ్లో పడుకోబెట్టుకున్నప్పుడు అత్త పిలిచిన ఆ పిలుపును కూడా పూస మింగేస్తోంది. అత్తకు తన మీద ప్రేమ తగ్గిందేమోనని ఇన్నాళ్లూ కుమిలిపోయింది.

పూస తీసేసింది. వెనక సీటువాళ్లు "కాలీ మద్రాసీ" అని ఆమె నలుపును చూసి నవ్వుకోవడం స్పష్టంగా వినబడింది. అయినా పూసను తిరిగి పెట్టుకోలేదు.

"ఇప్పుడు పిలువత్తా."

"నల్లపిల్లా," అంది పైడమ్మ. "ఏడుస్తున్నావేటే?"

"లేదత్తా. ఇంకోసారి పిలువు."