సోమవారం నుంచి బడి

“పంపించేది లేదంటే లేదు. ఆ కాగితం ఎత్తుకొని పో టీచరమ్మా!”

గుల్జార్‌బీ మంచం మీద నుంచి లేవకుండానే తేల్చి చెప్పేసింది. గడప దగ్గర నిలబడ్డ శకుంతల టీచరు మాస్కు పైకి లాక్కుని, కాగితాన్ని ఆ ఇంటి కోడలు సమీరా చేతికిచ్చింది.

కరోనా జబ్బు వల్ల పది నెలలుగా మూతపడిన చిన్నపిల్లల బడి సోమవారం తెరుస్తున్నారు. పిల్లల్ని పంపడం మాకు సమ్మతమేనని ప్రతి ఇంటివాళ్లూ సంతకం పెట్టాలి. ప్రొద్దుటూరులో ఆ సందులో అందరూ పెట్టేశారు. మిగిలింది ఈ ఒక్క ఇల్లే.

సమీరా కాగితం తీసుకుంది గానీ పెన్ను తీసుకోలేదు. జమ్మలమడుగులో ఆమె నాన్నను ఈ జబ్బు ఆరు రోజుల్లో మింగేసింది. అప్పటి నుంచి కూతురు ముస్కాన్ తుమ్మినా ఆమె గుండె జారిపోతుంది.

“పాప మాస్కు పది నిమిషాలు కూడా పెట్టుకోదు మేడం. ఎట్ల పంపేది?”

“ఈ నాలుగు రోజులూ ఇంట్లోనే అలవాటు చెయ్యి. బడి టయానికే నిద్ర లేపు. బూట్లు పడతాయో లేదో చూడు, పిల్లోళ్లంతా ఎదిగిపోయినారు. నీళ్ల సీసా ఇంటికాడి నుంచే పంపు, ఎవురికీ ఇయ్యొద్దని చెప్పు. బెంచీకి ఇద్దరినే కూర్చోబెడతాం. అంతగా భయముంటే మొదటిరోజు నువ్వొచ్చి గేటు కాడ ఉండు.”

“ఇంత భయపడతా పంపేదెందుకు?” గుల్జార్‌బీ అందుకుంది. “ఇంట్లో ఫోన్లో చదువుకుంటానే ఉండాది గదా. అదే మేలు.”

అదీ నిజమే అనిపించింది సమీరాకు. తను బట్టల అంగట్లో పనిచేస్తుంది. పొద్దున తొమ్మిదికి వెళ్తే మళ్లీ దీపాలు పెట్టాకే రావడం. ఫోను ఇంట్లోనే వదిలి వెళ్తుంది. టీచరు గ్రూపులో పెట్టే పాఠం అవ్వా మనవరాలూ చూస్తారు. రాసిన పేజీని ముస్కాన్ ఫోటో తీసి పంపుతుంది.

“నిజమేలే,” అంది టీచరు. “ఒక్కరోజు కూడా తప్పకుండా రాసి పంపింది మీ ముస్కానే. ఏదీ, ఇట్ల రామ్మా. ఈ ఒక్క వరస చదువు.”

సంచిలోంచి రెండో తరగతి వాచకం తీసి తెరిచి, బొమ్మ కింది వాక్యం మీద వేలు పెట్టింది. ముస్కాన్ వాళ్లమ్మను చూసింది. తర్వాత బొమ్మను చూసింది.

“పిట్ట... పిట్ట ఉండాది.”

“బొమ్మ గాదమ్మా. అక్షరాలు చదువు.”

ముస్కాన్ పెదవులు కదిలాయి. మాట రాలేదు. టీచరు మెల్లగా మొదటి అక్షరం చూపించింది. అదీ రాలేదు.

సమీరా గూట్లోని నోటుబుక్కు లాగి పేజీలు తిప్పింది. గుండ్రటి అక్షరాలు, తిన్నటి వరసలు, ఎక్కడా కొట్టివేత లేదు. “ఇవన్నీ ఎవురు రాసినారే?”

పాప తల వంచుకుంది.

“చెప్పు! పక్కింటోళ్ల చేత రాయించుకుంటాండావా? ఇన్ని నెలలు నన్ను మోసం చేస్తివా?” సమీరా చెయ్యి లేచింది.

“దాన్ని కొట్టాకు!” గుల్జార్‌బీ మంచం దిగి అడ్డం వచ్చింది. “రాసింది నేను.”

సమీరా చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. “నువ్వా? నీకు చదువు యాడొచ్చత్తా?”

గుల్జార్‌బీ టీచరు చేతిలోని వాచకం తీసుకుని కళ్లకు దూరంగా పట్టుకుంది. వేలు ఒక్కో అక్షరం మీద ఆగుతూ కదిలింది.

“చి... లు... క. చిలుక. చె... చెట్టు. చిలుక చెట్టు మీద వాలింది.”

సమీరా మళ్లీ నోటుబుక్కు వైపు చూసింది.

“రెండు దినాలు కూర్చునింది పాప. మూడోనాడు ఆటకు పారిపాయ,” గుల్జార్‌బీ నేల చూస్తూ చెప్పింది. “ఈ టీచరమ్మ అ ఆల కాన్నుంచి చెప్తా ఉంటే ఆపబుద్ధి కాలే. నేనే ముందర కూర్చుంటి. పాపను పిలవాల్సింది. పిలవలే. తప్పు నాదే.”

సమీరా కూతుర్ని దగ్గరికి లాక్కుంది. ఇప్పుడామెకు జబ్బు కంటే పెద్ద భయం పట్టుకుంది. “మేడం, దీన్ని మళ్లీ ఒకటో తరగతిలో వేస్తారా?”

“ఎందుకేస్తాం? సగం మంది పిల్లోళ్లు ఇట్లనే ఉండారు. అందుకే మొదటి నెలంతా అక్షరాలే చెప్తాం. నువ్వు మాత్రం తిట్టాకు, కొట్టాకు. బడంటే బెదురు పెట్టాకు.”

సమీరా ఇంక ఆలోచించలేదు. పెన్ను తీసుకుని సంతకం పెట్టింది. టీచరు అమ్మయ్య అనుకుంటూ ఫోను తీసింది. “అయితే సోమవారం నుంచి అందరూ బళ్లోనే. గ్రూపులో పాఠాలు ఈ పొద్దుతో ఆపేస్తాం.”

ఆమె కాగితం అందుకోబోయేసరికి గుల్జార్‌బీ దాని మీద అరచెయ్యి పెట్టేసింది. ఆమె కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి.

“అత్తా, నాకు మాత్రం భయం లేదా?” సమీరా బతిమాలింది. “జాగ్రత్తగా పంపిద్దాం. పాపకు ఏ జబ్బూ రాదులే.”

“జబ్బుకు గాదు మే నేను వద్దనేది,” గుల్జార్‌బీ చెయ్యి తీయకుండానే టీచరు వైపు తిరిగింది. “నా రెండో తరగతి సగంలోనే ఆగిపోతాంది గదా టీచరమ్మా?”