అక్క కోటు

ఆరు వారాలు పనిచేసి, ఫారం మీద శిక్షకుడి సంతకం తెచ్చుకోవాలి. తేకపోతే ఏడాది మళ్ళీ చదవాలి. విదేశాల్లో పని నేర్చుకోవడానికి ఫార్మసీ విద్యార్థుల్ని పంపే పథకంలో మొదటి షరతు ఇదే. వయోపరిమితి లేదన్నది రెండోది. అది చదివి, బయల్దేరుతున్న అమ్మాయితో వాళ్ళక్క, "తాతయ్యని కూడా పంపేయొచ్చే" అని నవ్వింది.

అమ్మాయి విమానం దిగేసరికి ఆమె పెట్టె ఇంకో దేశానికి వెళ్ళిపోయింది. చేతిసంచిలో మిగిలిన తెల్లకోటు అక్కది. జేబు మీద 'సీనియర్ ఫార్మసిస్ట్' అని అక్క హోదా ఎర్రదారంతో కుట్టి ఉంది. విప్పడానికి కత్తెర కావాలి. కత్తెర పెట్టెలో ఉంది.

చేసేదిలేక అదే తొడుక్కుని ఆస్పత్రికి వెళ్ళింది.

మందులు ఇచ్చేది వెనక గదిలోవాళ్ళు. గోడకున్న కిటికీలోంచి బుట్టలో పెట్టి ఇవతలికి నెడతారు. ఏది ఎప్పుడు, ఎలా వేసుకోవాలో రోగికి వివరించడం కౌంటర్‌లో ఉన్నవాళ్ళ పని. మీ శిక్షకులు కౌంటర్ దగ్గరే ఉంటారని ఆస్పత్రి నుంచి వచ్చిన ఉత్తరంలో రాశారు.

ఉన్నాడు. అరవైకి దగ్గరపడ్డ మనిషి. నలగని కోటు, ముక్కు చివర కళ్ళజోడు, చంకలో లావుపాటి నోట్‌బుక్. ఆయన అమ్మాయిని చూశాడు. జేబు మీది ఎర్రదారం చూశాడు. గబుక్కున లేచి, తన కుర్చీ ఆమెకి చూపించాడు.

"కూర్చోండి మేడమ్."

అమ్మాయికి పై ప్రాణాలు పైనే పోయాయి. అంత హోదా తగిలించుకొచ్చావుగా, నీ సంగతి చూస్తానన్నట్టు వినిపించింది ఆ 'మేడమ్'. దారం ఆ సాయంత్రమే పక్కగది ఆవిడని కత్తెర అడిగి విప్పేసింది. ఏం లాభం, చూడాల్సినవాడు చూసేశాడు. ఆరు వారాలూ ఆయన ఆ పిలుపు మానలేదు.

ఇక ప్రశ్నలు. ఈ మాత్ర పాలతో ఎందుకు వేసుకోకూడదు? ఆ చుక్కల సీసా తెరిచాక ఎన్నాళ్ళు పనికొస్తుంది? ఆమె చెమటలు కక్కుతూ చెప్పేది. ఆయన నోట్‌బుక్‌లో రాసుకునేవాడు. ఒక్కోసారి ఇంకొంచెం మెల్లగా చెప్పమనేవాడు.

అక్క రోజూ ఫోన్ చేసేది.

"ఏమైనా నేర్పుతున్నాడా?"

"నేర్పడే. అడుగుతాడు. చెప్తే రాసుకుంటాడు."

"మార్కులు వేస్తున్నాడన్నమాట. నోరు జారకు."

దాంతో అమ్మాయి రోజూ పని అవగానే గదికెళ్ళి పుస్తకాలు ముందేసుకునేది. కాలేజీలో అంత చదివి ఉంటే బంగారు పతకం ఇంట్లో ఉండేది.

ఆ దేశపు భాష ఆమె క్లాసులకెళ్ళి నేర్చుకుంది. ఆయన యాస మాత్రం ఆ క్లాసుల్లో ఎప్పుడూ వినలేదు. అసలైన యాస ఇదే కాబోలనుకుని రెండో వారానికల్లా పట్టేసింది. రోగులేమో ఇద్దరి మాటా రెండేసిసార్లు చెప్పించుకునేవారు. ఆస్పత్రికొచ్చేవాళ్ళలో చెవుడు ఎక్కువని అక్కకి చెప్పింది.

సీసా తెరిచేముందు మూత మీద రెండుసార్లు తట్టడం ఆమెకి అమ్మమ్మ నుంచి వచ్చిన అలవాటు. దానికి అర్థం అమ్మమ్మకే తెలియదు. మూడో రోజున ఆయనా తట్టాడు. ఇక్కడా ఇదే పద్ధతన్నమాట అని అమ్మాయి మురిసిపోయింది. ఆయన మందు చేతికిచ్చేముందు మడమలు ఎత్తి దించేవాడు. ఆమె కూడా ఎత్తి దించడం మొదలుపెట్టింది. నాలుగో వారంలో ఒకావిడ, మూత తట్టడం, మడమలెత్తడం ఇంట్లో కూడా చెయ్యాలా అని అడిగింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని, చెయ్యాలని తలూపారు.

ఒకసారి ఓ పెద్దమనిషి, ఇదివరకు ఇక్కడ కూర్చునే ఆవిడేరని అడిగాడు. జవాబు ఆయన చెప్తాడని ఈమె చూసింది. ఈమె చెప్తుందని ఆయన చూశాడు. కాలు విరిగి సెలవులో ఉన్నారని చివరికి కిటికీలోంచి ఎవరో చెప్పారు.

అయిదో వారంలో అసలు పరీక్ష వచ్చింది. ఒక తాపీమేస్త్రీ ఆయాసపడుతూ వచ్చి, రెండు నెలలుగా వాడుతున్నా గుణం లేదంటూ ఖాళీ రేకు చూపించాడు. అవి ఇన్‌హేలర్‌లో పెట్టి పీల్చాల్సిన క్యాప్సూల్స్. అతను పూటకొకటి మింగుతున్నాడు.

ఆయన ముఖం తెల్లబోయింది. నోట్‌బుక్ తెరిచి, మూసి, ఆమెవైపు తిరిగాడు.

"మీరేమంటారు మేడమ్?"

అమ్మాయి లేచి మేస్త్రీ పక్కన కూర్చుంది. క్యాప్సూల్ ఇన్‌హేలర్‌లో పెట్టడం, మీట నొక్కి దానికి చిల్లు పొడవడం, గట్టిగా పీల్చి ఊపిరి బిగబట్టడం చూపించి, అతనిచేత చేయించింది. వారం తర్వాత మేస్త్రీ ఆయాసం లేకుండా మెట్లెక్కి వచ్చి ఇద్దరికీ దండం పెట్టాడు. ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. ఆ సంగతంతా రాసుకోవడానికి ఆయనకి నోట్‌బుక్‌లో రెండు పేజీలు పట్టింది. అమ్మాయికి కడుపు నిండిపోయింది. సంతకం ఖాయమని అక్కకి చెప్పేసింది కూడా.

ఆఖరి రోజు అయిదు గంటలకి వెనక గది కిటికీ మూశారు. అమ్మాయి ఫారం తీసి, మడతలు సాపు చేసి, ఆయన ముందు పెట్టింది.

"సార్, సంతకం. ఇది లేకపోతే నా ఏడాది పోతుంది."

ఆయన ఫారం చదివాడు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ మొదటినుంచి చదివాడు.

చివరికి కోటు లోపలి జేబులోంచి నాలుగు మడతలు పెట్టిన అచ్చం అలాంటి ఫారమే తీసి, ఆమె ఫారం పక్కన పరిచి, "మరి నాదాని మీద ఎవరు పెడతారు మేడమ్?" అన్నాడు.