అల్యూమినియం అతుకు

ఆ ఉదయం పోటీలో రోజా ఒంటిచక్రం సైకిలు మీద మూడు మెట్ల పైనుంచి కిందికి దూకాలి. చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కును చేసింది ఆమె తండ్రి ఆశీర్వాదం. నాగర్‌కర్నూల్‌లో అతనిది వెల్డింగ్ షాపు.

ఇనుముతో చేస్తే గట్టిగానే ఉండేది, కానీ అంత బరువుతో పిల్ల ఎగరలేదు. టైటానియం గట్టిది, తేలికది. దాని ధర వినగానే వదిలేశాడు. చివరికి అల్యూమినియం గొట్టాలే తెచ్చి అతికించాడు. అతుకు పైకి నున్నగానే ఉంది. లోపల పట్టిందో లేదో చూసే దారి లేదు.

పోటీకి గంట ముందు, మెట్ల దగ్గర అతను ఆ అతుకును మళ్లీ తడిమి చూశాడు.

"జర ఆగు బిడ్డా. ముందుగాల నేను దూకి చూస్త."

"నువ్వెందుకు నాయినా? నాకు నేర్పినప్పటి లెక్క ఉన్నవా ఇప్పుడు?" అంది రోజా.

అతను వినలేదు. గోడ పట్టుకుని సీటెక్కాడు. మెట్ల అంచుకు వచ్చాడు. కళ్లు మూసుకుని దూకాడు.

ఫట్‌మని చప్పుడైంది. ఆశీర్వాదం మోచేతి మీద పడ్డాడు. రోజా ఏడుస్తూ ఉరికొచ్చింది.

"ఇరిగింది బిడ్డా," అన్నాడు నవ్వుతూ.

"చెయ్యి ఇరిగితే నవ్వుతవేంది? నడువు, దవాఖానకు పోదం."

"చెయ్యి సంగతి తెల్వదు. ఫోర్కు ఇరిగింది. నువ్వెక్కకముందే ఇరిగింది."